గ్రాంట్ ఆఖరి పద్నాలుగు నెలలు: దివాలా, గొంతు క్యాన్సర్, ఒక ఒప్పందం

అమెరికాలో మాజీ అధ్యక్షులకు పెన్షన్ ఇచ్చే చట్టం 1958లో వచ్చింది. అంతకుముందు పదవి దిగినవాళ్లు సొంత ఆస్తి మీదో, వకీలు వృత్తి మీదో, పిల్లల మీదో ఆధారపడి బతకాల్సిందే. యులిసిస్ ఎస్. గ్రాంట్ పరిస్థితి ఇంకా ఇరకాటం. అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనలను గెలిపించి జనరల్ హోదాకు ఎదిగిన ఆయన, 1869లో అధ్యక్ష పదవి చేపట్టడానికి సైన్యానికి రాజీనామా చేశారు. జీవితాంతం వచ్చే సైనిక జీతం దాంతోనే పోయింది. 1877లో వైట్‌హౌస్ వదిలాక రెండేళ్లకు పైగా ప్రపంచయాత్ర చేశారు. 1879లో బొంబాయి, ఆగ్రా, కలకత్తా కూడా చూసి వెళ్లారు. 1880లో మూడోసారి రిపబ్లికన్ టికెట్ కోసం నిలబడి, 36వ విడత ఓటింగులో గార్‌ఫీల్డ్ చేతిలో ఓడారు. ఆ తర్వాత న్యూయార్క్ చేరారు. స్నేహితులు చందాలు వేసుకుని రెండున్నర లక్షల డాలర్ల నిధి ఏర్పాటు చేశారు. దాని మీద వచ్చే వడ్డీతో ఇల్లు గడిచేది.

1885 జులై 23న ఆయన చనిపోయేదాకా నడిచిన కథను సాధారణంగా మనోబలం కథగా చెబుతారు. మనోబలం ఉంది, అందులో సందేహం లేదు. కానీ ఒక మనిషి గొంతు మూసుకుపోతూ ఉండగా రెండు సంపుటాల ఆత్మకథ ఎలా పూర్తి చేయగలిగాడు, ఆ డబ్బు అప్పులవాళ్ల పాలు కాకుండా భార్యకే ఎలా చేరింది అన్న ప్రశ్నలకు మనోబలం ఒక్కటే జవాబు కాదు. వైద్యులు నొప్పిమందులు వాడిన తీరు పగటిపూట ఆయన బుర్ర పనిచేసేలా చూసింది. ప్రచురణ ఒప్పందం రాసుకున్న తీరు ఆ పనికి ఫలితం దక్కేలా చూసింది. అందుకే ఈ రెండింటినీ దగ్గరగా చూడాలి.

ముందు దివాలా సంగతి.

గ్రాంట్ రెండో కొడుకు బక్, ఫెర్డినాండ్ వార్డ్ అనే యువకుడితో కలిసి వాల్‌స్ట్రీట్‌లో గ్రాంట్ అండ్ వార్డ్ అనే దళారీ సంస్థ పెట్టాడు. మూడో వాటాదారు గ్రాంట్, నాలుగో వాటాదారు జేమ్స్ ఫిష్, మెరైన్ నేషనల్ బ్యాంకు అధ్యక్షుడు. తండ్రీకొడుకులు చెరో లక్ష డాలర్లు నగదుగా పెట్టారు. వార్డ్, ఫిష్ పెట్టామన్నవి కాగితాలు, వాటికి విలువ లేదు. వార్డ్ ఎత్తుగడ రెండు పొరలది. పైపొర: కంపెనీకి ప్రభుత్వ సరఫరా కాంట్రాక్టులున్నాయనీ, మాజీ అధ్యక్షుడి పలుకుబడితో అవి వస్తున్నాయనీ మదుపుదారుల చెవిలో ఊదడం. అసలు అలాంటి కాంట్రాక్టులు ముట్టుకోవద్దని గ్రాంట్ ముందే చెప్పారు, అవి లేనూ లేవు. కొత్తగా వచ్చినవాళ్ల సొమ్మునే పాతవాళ్లకు లాభంగా పంచేవాడు. లోపొర: ఖాతాదారులు భద్రంగా ఉంచమని ఇచ్చిన షేర్లు, బాండ్లను తాకట్టు పెట్టి అప్పు తేవడం, అదే పత్రాలను మరోచోట మళ్లీ కుదువపెట్టడం. ఇలాంటి గొలుసు ఒకచోట తెగితే చాలు, అంతా ఒక్కసారే కూలుతుంది. అప్పులవాళ్లు నలుగురైనా చేతిలో ఉన్న తాకట్టు ఒక్కటే. ఫిష్ బ్యాంకు ఈ వ్యవహారానికి నగదు అందిస్తూ వచ్చింది కాబట్టి ఒకటి మునిగితే రెండోది నిలబడే అవకాశమే లేదు.

1884 మే 4, ఆదివారంనాడు వార్డ్ గ్రాంట్ ఇంటికి వచ్చి, మెరైన్ బ్యాంకుకు వెంటనే డబ్బు సర్దకపోతే మన కంపెనీ సొమ్మూ ఇరుక్కుంటుందని భయపెట్టాడు. ముందటి క్రిస్మస్ సమయంలో ఇంటి ముందు మంచు మీద జారిపడి తుంటికి దెబ్బ తగిలించుకున్న గ్రాంట్, కర్ర సాయంతోనే రైల్వే కుబేరుడు విలియం వాండర్‌బిల్ట్ ఇంటికి వెళ్లి 1,50,000 డాలర్లు చేబదులు అడిగారు. బ్యాంకును చూసి కాదు, మీ ముఖం చూసి ఇస్తున్నానంటూ వాండర్‌బిల్ట్ చెక్కు రాసిచ్చారు. మంగళవారం, మే 6న, బ్యాంకూ కంపెనీ రెండూ మూతపడ్డాయి. కంపెనీ అప్పులు 1.6 కోట్ల డాలర్లకు పైగా, మిగిలిన ఆస్తులు 67 వేల చిల్లర. తాను లక్షాధికారినని నమ్మిన గ్రాంట్ జేబులో ఆ రోజు 80 డాలర్లు, భార్య జూలియా దగ్గర 130 డాలర్లు ఉన్నాయి. ఇలాంటి భాగస్వామ్య సంస్థ మునిగితే వాటాదారుల సొంత ఆస్తులు కూడా అప్పుల కింద జమ. స్నేహితుల నిధిని పెట్టిన రైల్వే బాండ్లు కూడా వడ్డీ ఇవ్వడం మానేశాయి.

ఇక్కడ గ్రాంట్ తప్పు లేదనడం కుదరదు. వార్డ్ ముందు పెట్టిన కాగితాల మీద చదవకుండా సంతకాలు పెట్టారు, లెక్కల పుస్తకం ఒక్కసారి కూడా తెరిపించలేదు. కానీ మోసం బయటపడ్డాక చేసిన పని వేరు. వాండర్‌బిల్ట్ బాకీని సొంత బాకీగా నెత్తిన వేసుకున్నారు. ఇళ్లు, పొలాలు, యుద్ధంలో అందుకున్న కత్తులు, పతకాలు, దేశదేశాల కానుకలు అన్నీ రాసిచ్చారు. తిరిగిచ్చేస్తానని వాండర్‌బిల్ట్ ఎంత చెప్పినా జూలియా ఒప్పుకోలేదు. చివరికి ఆ కత్తులు, పతకాలు ప్రభుత్వానికి చేరాయి. మెక్సికో రాయబారి మతియాస్ రొమేరో వెయ్యి డాలర్ల చెక్కు ఇంట్లో వదిలి వెళ్లారు. లాన్సింగ్‌బర్గ్ నుంచి ముక్కూమొహం తెలియని ఒక వ్యాపారి యుద్ధంలో మీరు చేసిన సేవకు నా వాటా అంటూ డబ్బు పంపాడు. ఆ వేసవి ఇంటి ఖర్చులు అలా నడిచాయి.

పులి మీద పుట్రలా జబ్బు మొదలైంది అప్పుడే. జూన్ 2న న్యూజెర్సీ తీరంలోని లాంగ్ బ్రాంచ్‌లో పీచ్ పండు కొరికి మింగబోతే గొంతులో కందిరీగ కుట్టినట్టు మంట. పొరుగింటికి వచ్చిన ఫిలడెల్ఫియా వైద్యుడు డా కోస్టా చూసి, వెంటనే మీ కుటుంబ వైద్యుణ్ణి కలవండి అన్నారు. ఆ వైద్యుడు ఫోర్డైస్ బార్కర్ యూరప్‌లో ఉన్నారు. ఆయన వచ్చేదాకా గ్రాంట్ ఆగారు. గొంతు నిపుణుడు జాన్ హాన్‌కాక్ డగ్లస్ ముందు కూర్చునేసరికి అక్టోబరు 22 అయింది. నాలుగున్నర నెలలు ఊరికే పోయాయి.

డగ్లస్ అద్దం పెట్టి చూస్తే నాలుక మొదట్లో, కుడివైపు, గట్టిపడిన పుండు. దవడ కింద కుడి గ్రంథి వాచి ఉంది. మింగినప్పుడు చెవిలో పోటు. గొంతులో పుండుకూ చెవి పోటుకూ సంబంధమేమిటని అనిపించవచ్చు. నాలుక మొదలుకూ, టాన్సిల్ ప్రాంతానికీ, మధ్యచెవికీ స్పర్శ అందించేది ఒకే నాడి, తొమ్మిదో కపాల నాడి. గొంతులో రేగిన నొప్పిని మెదడు చెవి నొప్పిగా పోల్చుకుంటుంది. చెవిలో ఏ లోపమూ లేకుండా వారాల తరబడి ఒకవైపే పోటు వస్తుంటే, మింగినప్పుడు అది ఎక్కువవుతుంటే గొంతు పరీక్ష చేయించుకోవాలని ఈనాటి వైద్యులు చెప్పేది ఇందుకే. క్యాన్సరేనా అని గ్రాంట్ నేరుగా అడిగారు. జబ్బు తీవ్రమైనది, పైపొర కణాలకు సంబంధించినది, కొన్నిసార్లు నయమవుతుంది అని డగ్లస్ జవాబు. అబద్ధం చెప్పకుండా ఆశ చంపకుండా ఇచ్చిన జవాబు అది. ఫిబ్రవరి 1885లో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడగా క్యాన్సర్ ఖాయమైంది.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. 1862 ఫిబ్రవరిలో దక్షిణాది సేనల కోట ఫోర్ట్ డోనెల్సన్ గెలిచినప్పుడు ఆయన చేతిలో చుట్ట ఉందని పత్రికల్లో రావడంతో, జనం పెట్టెలకు పెట్టెలు చుట్టలు పంపారు. పది వేల దాకా వచ్చాయంటారు. అప్పటిదాకా పైపు ఎక్కువగా తాగే మనిషి రోజుకు ఇరవై చుట్టల దాకా కాల్చడం మొదలుపెట్టారు. చుట్ట పొగను ఊపిరితిత్తుల్లోకి లాగరు, నోట్లో, గొంతు మొదట్లో నిలుపుతారు, దెబ్బ కూడా అక్కడే పడుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లకు, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేవాళ్లకు, అంగిట్లో క్యాన్సర్ ఎక్కువగా రావడం వెనక ఉన్నదీ ఇదే సూత్రం. వేడి, పొగ ఎక్కడ తగులుతాయో పుండు అక్కడ పుడుతుంది.

జూన్‌లోనే చికిత్స మొదలైతే బతికేవారా? చాలామంది అవుననే రాస్తారు. కానీ ఆ ధీమాకు ఆధారం తక్కువ. 1884లో ఈ జబ్బుకు కోత తప్ప మార్గం లేదు. ఎక్స్‌రేలు 1895లో, రేడియం 1898లో వచ్చాయి. కోత అంటే కింది దవడను మధ్యకు చీల్చి, నాలుకనూ మెత్తటి అంగిలిలో చాలా భాగాన్నీ తీసేయడం. రక్తపు గ్రూపులు 1901 దాకా తెలియవు, కాబట్టి రక్తం ఎక్కించి కాపాడే వీలు లేదు. యాంటీబయాటిక్స్ లేవు. మత్తు ఉంది గానీ, కోత జరిగే చోటే ఊపిరి దారి ఉన్నప్పుడు రక్తం ఊపిరితిత్తుల్లోకి దిగకుండా ఆపడం కష్టం. 1893లో అప్పటి అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ పై దవడలోని కణితిని నోటి లోపలి నుంచే తీశారు, ఆయన 1908 దాకా బతికారు. కానీ అది చేతికందే చోట ఉంది, అంతగా పాకని రకం. గ్రాంట్‌ది గొంతు లోపల, గ్రంథికి అప్పటికే పాకింది. కోత వద్దని డగ్లస్, మరో వైద్యుడు జార్జ్ ష్రేడీ తదితరులు తీర్మానించడం సరైన నిర్ణయమే. చేసి ఉంటే మాట, మింగడం రెండూ పోయి, ఆత్మకథ మొదట్లోనే ఆగిపోయేది.

చేయగలిగింది నొప్పిని అదుపు చేయడం. ఇక్కడ అదృష్టమనదగ్గది ఒకటి జరిగింది. కొకైన్ ద్రావణం పూస్తే కన్ను తిమ్మిరెక్కుతుందని వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ చూపింది 1884 సెప్టెంబరులో. కొద్ది నెలల్లోనే డగ్లస్ 4 శాతం ద్రావణాన్ని గ్రాంట్ గొంతులో పూయసాగారు. దీని విలువ ఏమిటంటే, పూసిన చోటే మొద్దుబారుతుంది, బుర్ర మసకబారదు. మార్ఫిన్ అలా కాదు. నొప్పి పోతుంది గానీ మగత వస్తుంది, వాక్యం తెగిపోతుంది. అందుకే మార్ఫిన్ సూదిని ఎక్కువగా రాత్రికి, నిద్రకు ఉంచారు. పగలు కొకైన్ పూత, పుండు మీద అయడోఫాం అనే క్రిమిసంహారక మందు, అలాంటి ద్రావణాలతో పుక్కిలింతలు. కొకైన్‌కూ లోపం ఉంది. దాని ప్రభావం కొద్దిసేపే, మళ్లీ మళ్లీ పూస్తే పని తగ్గుతుంది, అలవాటు పడుతుంది. గ్రాంట్ ఈ సంగతి పసిగట్టి, వీలైనంత తక్కువ వాడతానని వైద్యుడికి చీటీ రాశారు. మొదట్లో బండి కిరాయి దండగని గుర్రపు ట్రాముల్లోనే డగ్లస్ దగ్గరకు వెళ్లేవారు. తిండి చల్లటి పాలకు, గిలకొట్టిన గుడ్లకు, మాంసపు రసానికి దిగింది. నీళ్లు తాగితే కరిగిన సీసం దిగినట్టుందనేవారు.

మార్చి ఆఖరున ఊపిరి ఆడక, చనిపోతున్నారనుకున్నారు. మెథడిస్ట్ పాస్టర్ న్యూమన్ హడావిడిగా బాప్తిస్మం ఇచ్చారు, ష్రేడీ బ్రాందీ సూది వేశారు. గ్రాంట్ తేరుకున్నారు. ప్రార్థన వల్ల అని పాస్టర్, బ్రాందీ వల్ల అని ష్రేడీ. ఏప్రిల్ మొదట్లో గొంతులో రక్తం పడి, చచ్చిన కండ ఊడిపోవడంతో దారి కాస్త తెరుచుకుంది. దాంతో రోగి కోలుకున్నట్టు కనిపించాడు, అది క్యాన్సరే కాదంటూ కొన్ని పత్రికలు వైద్యులను తిట్టిపోశాయి. కణితి పెరిగే కొద్దీ రక్తం అందక మధ్యభాగం కుళ్లి రాలిపోవడం, రోగికి కొన్ని వారాలు సుఖం దొరకడం ఈ జబ్బులో మామూలే. నయమైనట్టు కాదు. ఆ వారాలనే గ్రాంట్ రాతకు వాడుకున్నారు.

రాత మొదలైంది పొట్టకూటి కోసం. సెంచరీ మాసపత్రిక వ్యాసానికి 500 డాలర్లు ఇస్తామంది. షైలో యుద్ధం మీద మొదటి వ్యాసం అధికారిక నివేదికలా పొడిగా వచ్చింది. సంపాదకుడు రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్ వచ్చి, యుద్ధభూమిలో మీకు కనబడింది, అనిపించింది రాయండని చెప్పాక పట్టు దొరికింది. పుస్తకానికి సెంచరీ ఇవ్వజూపింది 10 శాతం రాయల్టీ. రచయిత మార్క్ ట్వేన్ ఆ సంగతి విని, తన సొంత ప్రచురణ సంస్థ చార్లెస్ ఎల్. వెబ్‌స్టర్ తరఫున రెండు దారులు చూపారు: 20 శాతం రాయల్టీ, లేదా నికర లాభంలో 70 శాతం. గ్రాంట్ రెండోది ఎంచుకున్నారు. పుస్తకం అమ్ముడుపోకపోతే ప్రచురణకర్త నష్టపోకూడదన్నది ఆయన లెక్క. 1885 ఫిబ్రవరి 27న సంతకాలయ్యాయి. పుస్తకం మీద హక్కును జూలియా పేరిట మార్చి, ఆమె ద్వారా ప్రచురణ సంస్థకు ఇచ్చారు. హక్కు గ్రాంట్ పేరిటే ఉంటే గ్రాంట్ అండ్ వార్డ్ అప్పులవాళ్లు దాని మీద పడేవారు. దివాలా నేర్పిన పాఠం ఇక్కడ అక్కరకొచ్చింది. మార్చి 4న, పార్లమెంటు గడువు ముగియడానికి నిమిషాల ముందు, ఆయనకు జనరల్ హోదా తిరిగిచ్చే బిల్లు గట్టెక్కింది. పదవీకాలం ఆఖరి రోజున అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ సంతకం పెట్టారు. ఏడాదికి 13,500 డాలర్ల జీతం మొదలైంది.

పని తీరు ఇదీ: గొంతు పలికినంతకాలం స్టెనోగ్రాఫర్ నోబుల్ డాసన్‌కు చెప్పి రాయించడం, పలకనప్పుడు సొంత చేత్తో రాయడం. పెద్ద కొడుకు ఫ్రెడ్ తేదీలు, పటాలు, ఉత్తరువులు సరిచూసేవాడు. పాత సహాయకుడు ఆడమ్ బాడో మే నెలలో నెలకు వెయ్యి డాలర్లు, లాభాల్లో పది శాతం అడిగాడు. పుస్తకం రాసింది బాడోయే అని ఒక పత్రికలో వచ్చింది కూడా. గ్రాంట్ అతణ్ణి పంపేశారు. ఆ నిర్ణయం వల్ల పని భారం పెరిగింది గానీ, పుస్తకం ఎవరిదన్న అనుమానం తొలగింది.

న్యూయార్క్ ఎండ, ఉక్కపోత ఊపిరికి అడ్డం కావడంతో జూన్ 16న వాండర్‌బిల్ట్ ఏర్పాటు చేసిన ప్రత్యేక రైల్లో సరటోగా దగ్గరి మౌంట్ మెక్‌గ్రెగర్ కొండకు, జోసెఫ్ డ్రెక్సెల్ కుటీరానికి చేర్చారు. పడుకుంటే ఊపిరి బిగదీసుకుపోతుంది కాబట్టి ఎదురెదురుగా వేసిన రెండు తోలు కుర్చీల్లో రాత్రులు గడిపేవారు. తలకు ఊలు టోపీ, మెడకు గుడ్డ, భుజాల మీద శాలువా కప్పుకుని వరండాలో రాసేవారు. మాట దాదాపు పోయింది. పెన్సిలుతో చీటీలు రాసి డగ్లస్ చేతికిచ్చేవారు. కొండ చేరిన మర్నాడు, జూన్ 17న రాసిన ఒక చీటీ ఈ మొత్తం జబ్బు మీద వచ్చిన అత్యంత స్పష్టమైన వైద్య వివరణ అనవచ్చు. తాను మూడు దారుల్లో ఏదో ఒకదాన పోతానని రాశారు: రక్తస్రావం, ఊపిరి ఆగడం, నీరసం. మొదటి రెండూ ఏ క్షణమైనా రావచ్చు, మూడోది ఎప్పుడొస్తుందో మాత్రం దాదాపు గణితంలా లెక్కకట్టవచ్చు అన్నారు. అది అక్షరాలా నిజం. కణితి మెడలోని ధమనిని కొరికితే నిమిషాల్లో అయిపోతుంది. వాపు స్వరపేటికను మూసినా అంతే. ఆ రెండూ జరగకపోతే, మింగలేక శరీరం కరిగిపోవడం రోజురోజుకూ బరువులో కనిపిస్తుంది. సైన్యానికి తిండి, మందుగుండు ఎన్ని రోజులకు సరిపోతాయో లెక్కవేసిన చెయ్యి, తన దగ్గర మిగిలిన రోజులను కూడా అలాగే లెక్కవేసి, ఆ లోపు అధ్యాయాలు ముగించింది. జులై 10న, డోనెల్సన్‌లో తనకు లొంగిపోయిన దక్షిణాది సేనాని సైమన్ బక్నర్ కొండెక్కి వచ్చి పలకరించాడు. పుస్తకం సవరణలు జులై మూడో వారానికి పూర్తయ్యాయి.

వచ్చింది మూడో దారే. జులై 20న చక్రాల కుర్చీలో కొండ అంచుకు వెళ్లి వచ్చాక పూర్తిగా అలిసిపోయారు. 22 సాయంత్రం కుర్చీల నుంచి మంచం మీదికి మార్చారు. నాడి పరుగెత్తి బలహీనపడింది, బ్రాందీ సూదులు పని చేయలేదు. 23, గురువారం ఉదయం 8 గంటల 8 నిమిషాలకు పోయారు. వయసు 63. ఫ్రెడ్ గోడ గడియారాన్ని ఆపాడు. ఆ గడియారం, మిగిలిపోయిన కొకైన్ సీసా ఇప్పటికీ ఆ కుటీరంలోనే ఉన్నాయి.

సైనిక విద్యాలయం ఉన్న వెస్ట్ పాయింట్‌లో సమాధి ఉండాలని చాలామంది ఆశించారు. భార్యను పక్కన పెట్టనివ్వరన్న కారణంతో అది వద్దనుకున్నారు. న్యూయార్క్ నగరం చోటిచ్చింది. ఆగస్టు 8న ఏడు మైళ్ల ఊరేగింపు, దారిపొడవునా పది లక్షలకు పైగా జనం. పాడె వెంట ఉత్తరాది సేనానులు షెర్మన్, షెరిడన్‌లతో పాటు దక్షిణాది సేనానులు జోసెఫ్ జాన్‌స్టన్, బక్నర్ సాగారు. హడ్సన్ నది ఒడ్డున 90 వేల మంది ఇచ్చిన ఆరు లక్షల డాలర్లతో కట్టిన సమాధి మందిరం 1897 ఏప్రిల్ 27న, ఆయన పుట్టినరోజున తెరుచుకుంది.

పుస్తకం మొదటి సంపుటం 1885 డిసెంబరులో, రెండోది 1886 మార్చిలో వచ్చాయి. దుకాణాల్లో పెట్టలేదు. దాదాపు పది వేల మంది ఏజెంట్లు, వాళ్లలో ఎందరో మాజీ సైనికులు, ఇంటింటికీ తిరిగి ముందస్తు సంతకాలు తీసుకున్నారు. దాంతో ఎన్ని కాపీలు అచ్చేయాలో ముందే తెలిసింది, నికర లాభంలో వాటా అన్న షరతు లాభించడానికి ఇది ముఖ్య కారణం. మూడు లక్షలకు పైగా సెట్లు అమ్ముడయ్యాయి. ఒప్పందం కుదిరి సరిగ్గా ఏడాదికి, 1886 ఫిబ్రవరి 27 తేదీతో జూలియాకు రెండు లక్షల డాలర్ల చెక్కు అందింది. మొత్తం కలిపి నాలుగు లక్షల ఇరవై వేలకు పైనే చేరింది. పార్లమెంటు ఏడాదికి అయిదు వేల డాలర్ల పెన్షన్ కూడా మంజూరు చేసింది. వార్డ్‌కు, ఫిష్‌కు చెరో పదేళ్లు శిక్ష పడింది. జూలియా 1902 డిసెంబరు 14న వాషింగ్టన్‌లో కన్నుమూశారు, ఆమెను హడ్సన్ ఒడ్డున భర్త పక్కనే ఉంచారు.